దడుపు తీర్చిన వీపు

డమరుకం చప్పుడు ముందు వినబడేది. వెంటనే కుక్కల మొరుగుడు. మూడోసారికి వాడకట్టు పిల్లలమంతా అరుగులెక్కి నిలబడేవాళ్లం. ఎనభైల మొదట్లో మెట్‌పల్లిలో పసుపు ఉడకబెట్టే రోజులవి. ఊరంతా పచ్చివాసన, పొగ. ఆ పొగలోంచి నల్లటి ముద్ద ఒకటి ఊగుకుంటూ సందు మలుపు తిరిగేది. గుడ్డెలుగు వచ్చిందహో అని ఎవరో కేకేసేవారు. దానికి చూపు మందమనే కాబోలు, మనవైపు ఆ పేరు.

ఆ ఏడాది నాకు జ్వరం తగిలి తగ్గింది. తగ్గినా రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాను. దడుపు అన్నారు. దడుపుకు మందు దవాఖానలో దొరకదని, గుడ్డెలుగు వీపు మీద దొరుకుతుందని మా అవ్వ నమ్మకం. “ఎక్కియ్యి అయ్యా, పోరడు నిద్రల ఉలికిపడుతున్నడు” అని కొంగుముడి విప్పి రూపాయి తీసింది. ఎలుగును ఆడించే ఆయన నన్ను చంకల కింద పట్టుకుని ఎత్తి దాని మీద కూర్చోబెట్టాడు. “డరో మత్ బేటా” అన్నాడు. నాతో అన్నాడో ఎలుగుతో అన్నాడో!

పైనుంచి చూస్తే గరుకు జూలు, రెండు చెవులు, వాటికి అవతల బూడిదరంగు ముట్టె. ముట్టెకు తాడు చుట్టి ఉందనుకున్నాను. చుట్టలేదు. ఎద్దుకు ముకుదాడు పోసినట్టు, ముట్టె మీది తోలులోంచి ఒకవైపు దూరి రెండోవైపు తేలింది. దూరినచోట తడి. తడి మీద ఈగలు. మూడు చుట్లు తిప్పి నన్ను దింపాడు. వీపు మీది వెంట్రుకలు నాలుగు పీకి అవ్వ చేతిలో పెట్టాడు. మర్నాడే అవి తాయెత్తులో చేరి నా మెడకెక్కాయి. దడుపు పోయిందో లేదో గుర్తులేదు.

ఆ జంతువు అసలేమిటో తెలిసింది చాలా ఏళ్లకు. లోకంలో ఎలుగుబంట్లు ఎనిమిది జాతులు. మన గుట్టల మీద తిరిగే ఈ జాతి తీరే వేరు. మంచు ధ్రువపు ఎలుగులా సీళ్లను వేటాడదు, చలిదేశాల ఎలుగుల్లా శీతాకాలమంతా నిద్రపోదు. దీనికి ప్రాణం చెదలంటే. కొడవళ్లలాంటి గోళ్లతో పుట్టను పగలదీస్తుంది. ముట్టె లోపలికి పెట్టి మట్టిని ఉఫ్‌మని ఊదేస్తుంది. తర్వాత ముక్కు రంధ్రాలు మూసుకుంటుంది, అవును, తలుపులు మూసినట్టు మూసుకుంటుంది. పెదవుల్ని గొట్టంలా సాచి ఒక్క పీల్పు పీలుస్తుంది. పైదవడ ముందు వరుసలో నడిమి రెండు పళ్లూ దానికి ఉండవు. చెదలు ఆ సందులోంచి బారులు బారులుగా లోపలికి పోతాయి. ఆ పీల్పు చప్పుడు నిశ్శబ్దంగా ఉన్న అడవిలో వంద గజాల అవతలికీ వినబడుతుంది. వినని వాళ్లకు ఎట్లా చెప్పాలి? నిండుకున్న బోరుబావి గాలిని గుంజుతుందే, కొంచెం అట్లా ఉంటుంది.

ఎండలు ముదిరేసరికి దాని దారి ఇప్పచెట్ల కిందికి మళ్లుతుంది. రాత్రి రాలిన పూలను మనుషులు ఏరుకునేలోపే నోటికందినంత తిని పోతుంది. తునికి పండ్లు, రేగుపండ్లు, రేలకాయల గుజ్జు, చెట్టెక్కి మరీ తేనెపట్టు. తిన్న పండ్ల గింజల్ని తెలియకుండానే అడవి పొడుగునా విత్తుకుంటూ పోతుంది.

అన్నిటికంటే వింత దాని తల్లితనం. చలికాలంలో బండల సందులో ఈనుతుంది, ఒకటో రెండో పిల్లలు. కొన్ని వారాలకు వాటిని బయటికి తెచ్చేటప్పుడు వెంట నడిపించుకు రాదు, వీపు మీద ఎక్కించుకు వస్తుంది. భుజాల దగ్గరి పొడుగు జూలును రెండు పిల్లలూ గుప్పిళ్లతో పట్టుకుంటాయి. భల్లూకపు పట్టు అంటామే, అది నేర్చేది అక్కడే. నెలల తరబడి వాటి ఊయల, మంచం, కోట అన్నీ ఆ వీపే. ఎనిమిది జాతుల్లో పిల్లల్ని ఇట్లా అలవాటుగా మోసుకు తిరిగేది ఇదొక్కటే.

నన్ను మోసిన ఎలుగు తల్లి వీపు మీద ఎన్నాళ్లు ఉంది? ఆటాడించడానికి పట్టే పిల్లలను కళ్లు తెరిచీ తెరవగానే ఎత్తుకొచ్చేవారు. తల్లి బతికుండగా ఆ పని సాగదు, అందుకని ముందు తల్లిని చంపేవారు. ఆ తర్వాత ముట్టెలోకి కాల్చిన ఇనుప సువ్వ. మత్తు, మందు ఏమీ ఉండవు. కోరలు రాలగొట్టేవారు, గోళ్లు కత్తిరించేవారు. పుండు మానకపోతేనే తాడు పనిచేస్తుంది. కర్ర పైకి లేచినప్పుడు ఎలుగు రెండు కాళ్ల మీద నిలబడి ఊగేది. మనం చప్పట్లు కొట్టిన ఆట అదే.

ఎలుగుల్ని ఇట్లా ఆడించింది ఎక్కువగా ఖలందర్లనే సంచార కులంవాళ్లు. తాతల నాటి వృత్తి, వేరే దారిలో పూట గడవని వాళ్లు. మా వీధికి వచ్చినాయన తాను తినే రొట్టెలోనే ఎలుగుకూ తుంచి పెట్టడం చూశాను. ఆయన్ని రాక్షసుణ్ని చేసి చెప్పడం నాకు చేతకాదు. రూపాయి మా అవ్వదే కదా.

1972 వన్యప్రాణి చట్టం ఎలుగును ఇట్లా పట్టి ఆడించడాన్ని నేరం చేసింది. అయినా డమరుకాలు మరో ముప్పై ఏళ్లకు పైగా మోగాయి. పట్టుకుంటే ఎలుగును ఎక్కడ పెట్టాలి, ఆ మనిషికి బువ్వ ఎవరు పెట్టాలి? ఆ రెంటికీ జవాబు దొరికాకే కథ కదిలింది. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ అటవీశాఖలతో కలిసి 2002లో ఆగ్రా పక్కన కీఠంలో ఎలుగులను చేర్చుకోవడం మొదలుపెట్టింది. బెంగళూరు దగ్గర బన్నేరుఘట్టలో, భోపాల్ వనవిహార్‌లో కూడా ఆశ్రయాలు లేచాయి. ఎలుగును అప్పగించిన ఖలందరుకు ఆటోనో, చిన్న దుకాణమో, ఇంట్లో ఆడవాళ్లకు చేతిపనో చూపారు, పిల్లల్ని బడికి పంపారు. ఆరు వందలకు పైగా ఎలుగులు అట్లా తాడు వదిలించుకున్నాయి. 2009 డిసెంబరులో రాజు అనే ఎలుగు బన్నేరుఘట్టకు చేరింది. వీధుల్లో ఆడిన ఎలుగుల్లో చివరిది అదేనంటారు.

తీసుకొచ్చిన ఎలుగుకు ముందు మత్తిచ్చి తాడు కోసేవారు. తర్వాత తొంభై రోజులు విడిగా ఉంచేవారు, క్షయ చాలావాటికి అంటుకుని ఉండేది కనుక. రాగులు, జొన్నల జావ, తేనె, గుడ్లు, పుచ్చకాయలు. ఆ పైన చెట్లూ నీటి గుంటలూ ఉన్న పెద్ద ఆవరణ. అంతే, అక్కడితో ఆగాలి. విడిపించగలం గానీ విడిచిపెట్టలేం. అడవిలో పిల్ల ఎలుగు రెండేళ్లకు పైగా తల్లి వెంట తిరిగి నేర్చుకునే చదువు ఏ మనిషీ చెప్పలేడు. ఏ పుట్టలో చెదలుంటాయి, ఏ నెలలో ఏ చెట్టు కాస్తుంది, పులి వాసన ఎట్లా ఉంటుంది? కోరలు లేకుండా, మనిషిని చూసి పారిపోవడం రాకుండా గుట్టెక్కితే అది ఎన్నాళ్లో బతకదు.

బన్నేరుఘట్ట సఫారీ బస్సు కిటికీలోంచి ఒక ముసలి ఎలుగును చూశాను. ముట్టె మీద వెంట్రుకలు మొలవని గీత. చెట్టు నీడన ఒకేచోట నిలబడి తల ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు. ఎదురుగా ఎవరూ లేరు, డమరుకం లేదు. అంతలో ఏదో వాసన తగిలినట్టుంది, ఊగడం ఆపి దొర్లించి ఉన్న మొద్దు దగ్గరికి పోయింది. తొర్రలో తేనె పూసి పెడతారట. ముట్టె దూర్చింది. డ్రైవరు ఇంజను ఆపాడు. ఆ పీల్పు చప్పుడు బస్సంతటికీ వినబడింది.

సర్కస్ సింహాలదీ ఇదే కథ. 1998లో కేంద్రం ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాలను ఆడించరాదని ఉత్తర్వు ఇచ్చింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అప్పుడు బోన్లలోంచి వచ్చినవాటికి విశాఖపట్నం, తిరుపతి జూల పక్కన ఆశ్రయాలు కట్టారు. అందులో చాలా సింహాలు ఆఫ్రికా, గిర్ జాతుల సంకరం. అందుకని వాటిని ఈననివ్వలేదు. ఒక్కొక్కటీ ముసలిదై పోతుంటే ఒక్కో గది ఖాళీ అయ్యేట్టుగానే కట్టిన ఇళ్లు అవి.

ఇక మన దగ్గర, కొండగట్టు చుట్టుపట్ల గుట్టల్లో గుడ్డెలుగులు ఇంకా ఉన్నాయి, తాళ్లు లేకుండా. అవి ఈనే బండలే ఉమ్మడి కరీంనగర్ జిల్లా గ్రానైట్‌కూ మూలం. టాన్ బ్రౌన్ అని పేరుపెట్టి ఓడలెక్కించే రాయి అది. గుహ పోయిన ఎలుగు ఎటు పోతుంది? 2023 ఆగస్టులో ఒకటి కరీంనగర్ శివారు రేకుర్తి ఇళ్ల మధ్యకు వచ్చింది, మత్తుసూది వేసి పట్టారు.

అవ్వ పోయాక ఆమె సందూకలో, పాత నోట్ల చుట్ట కింద, నా తాయెత్తు దొరికింది. మూతకు పెట్టిన లక్క గోటితో గీకితే ఊడొచ్చింది. వెంట్రుకలు నాలుగూ నలభై ఏళ్లకు కూడా నల్లగానే ఉన్నాయి. అరచేతిలో వేసుకుని ఎండలోకి తీసుకుపోయాను. ఒక్కోదాని కుదురున ఆవగింజలో సగమంత తెల్లటి చుక్క ఉంది.