యుద్ధకాలపు పాత పుస్తకములు, నోట్లు, పతకములు: కొనే ముందు, అమ్మే ముందు

మలయాలో జపానువారి పాలన సాగిన కాలమును మన పెద్దలు మూడేళ్ళ ఎనిమిది నెలలని లెక్క చెబుతారు. 1941 డిసెంబరు 8న జపాను సేనలు కోతా భారు తీరమున దిగినవి. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయినది. 1945 ఆగస్టులో జపాను ఓటమిని అంగీకరించినది. ఆ కాలపు నోట్లు, తపాలా బిళ్ళలు, పతకములు, ఛాయాచిత్రములు, ఆ యుద్ధముపై వెలువడిన పుస్తకములు నేడు పాత వస్తువుల సంతలకు వస్తున్నవి. పెటాలింగ్ జయలోని ఆమ్‌కార్ప్ మాల్ వారాంతపు సంతలోను, ఈపోలోని మెమరీ లేన్‌లోను, పెనాంగులోని లోరోంగ్ కులిత్‌లోను, చౌరస్తా మార్కెట్టు మేడమీది పాత పుస్తకముల దుకాణములలోను ఇవి కనబడుతవి.

మన కుటుంబములలో కొందరు వీటిని కొంటున్నారు. మరికొందరు తాతగారి పెట్టెలో దొరికిన వాటిని అమ్ముతున్నారు. ఆలయమునకు వచ్చినప్పుడు “ఇది అసలైనదేనా? దీనికి ఎంత ధర పలుకును?” అని మా కమిటీని అడుగుతున్నారు. ధర కట్టుట మా పని కాదు. అయితే ఏ వస్తువు దేనికి సాక్ష్యమో తెలియక కొన్నను, అమ్మినను నష్టపోయేది మనవారే. అందుచేత మేము తెలిసికొన్న సంగతులను ఇక్కడ వ్రాస్తున్నాము.

సంతలో ధర దేనిని బట్టి ఏర్పడును

పాత వస్తువుల వ్యాపారములో ధరకు మూడు ఆధారములు కలవు. మొదటిది అరుదుదనము. రెండవది వస్తువు ఉన్న స్థితి. మూడవది దాని వెనుకనున్న పేరు, అనగా అది ఎవరిదో, ఏ దళమునకు చెందినదో తెలియుట. మన తోటలలోని పెద్దల వస్తువులకు ఈ మూడింటిలో ఒక్కటియు తరచుగా ఉండదు. అవి నలిగినవి, సామాన్యమైనవి, పేరు లేనివి.

సయాం–బర్మా రైలు మార్గమునే చూడండి. 1942లో మొదలై 1943 అక్టోబరులో పూర్తియైన ఈ మార్గము పొడవు 415 కిలోమీటర్లు. అక్కడ 60,000 మందికి పైగా యుద్ధఖైదీలు పనిచేసినారు. వారిలో 12,000 మందికి పైగా మరణించినారు. రోముషా అని జపానువారు పిలిచిన ఆసియా కూలీలు ఆ ఖైదీలకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. మలయా నుండియే 70,000 మందికి పైగా పోయినారు. వారిలో అత్యధికులు రబ్బరు, కొబ్బరి తోటలలోని దక్షిణ భారతీయులు. తమిళులతో పాటు తెలుగువారును, మలయాళీలును వారిలో ఉన్నారు. మూడు నెలల పని, దినమునకు ఒక డాలరు కూలి అని మొదట ఆశ చూపినారు. తరువాత బలవంతముగా పట్టుకొనిపోయినారు. కలరా, మలేరియా, ఆకలి వారిని వేల సంఖ్యలో బలిగొన్నవి.

కాంచనబురిలోని యుద్ధ శ్మశానములో సుమారు 7,000 మంది ఖైదీల సమాధులున్నవి. గుర్తింపబడిన ప్రతి సమాధిపైన పేరు, దళము చెక్కియున్నవి. మన కూలీలకు అట్లు పేరుపేరున కట్టిన సమాధులు లేవు. ఈ తేడాయే సంతలోను కనబడుతుంది. ఖైదీ వ్రాసిన దినచర్య పుస్తకము వేలములో పెద్ద ధరకు పోవును. తోటకూలీ దాచిన చీటి చిత్తుకాగితముల కట్టలో పడియుండును. అది ధరలోని తేడాయే గాని విలువలోని తేడా కాదు. కొనేవారును అమ్మేవారును ఈ మాట మరువరాదు.

అరటిచెట్టు నోట్లు

మన ఇండ్లలో ఎక్కువగా దొరికేవి జపానువారి నోట్లు. పది డాలర్ల నోటుపై అరటిచెట్టు బొమ్మ ఉన్నందున వీటన్నిటిని మలయు భాషలో డుయిట్ పిసాంగ్ అని, మన ఇండ్లలో అరటిచెట్టు నోట్లు అని పిలుస్తారు. ఒక సెంటు మొదలు వేయి డాలర్ల వరకు ఇవి వచ్చినవి. జపాను ఓడిపోయిన పిదప తిరిగివచ్చిన బ్రిటిషువారు వీటిని చెల్లని కాగితములుగా ప్రకటించినారు. ఎప్పటికైనా మార్చి ఇస్తారేమోనని దాచుకొన్నవారి పెట్టెలలోనే అవి ఉండిపోయినవి.

ఈ నోట్లను పరీక్షించుటకు కొన్ని గుర్తులు:

మొదట అక్షరమును చూడండి. మలయా నోట్లపై గుర్తు అక్షరములు ఎం అనే ఆంగ్లాక్షరముతో మొదలగును. బి ఉన్నచో అది బర్మా నోటు, రూపాయలలో ఉండును. పి ఉన్నచో ఫిలిప్పీన్సుది. ఎస్ ఉన్నచో డచ్చి ఇండీసుది. ఏ దేశపు నోటునైనను మలయా నోటని చెప్పి అమ్మేవారు ఉన్నారు.

తరువాత సంఖ్యను చూడండి. తొలి ముద్రణలోని ఒకటి, ఐదు, పది డాలర్ల నోట్లపై అక్షరములతో పాటు వరుస సంఖ్య కూడ ఉండును. తరువాతి వాటిపై అక్షరములు మాత్రమే ఉండును. సంఖ్య ఉన్నవి అరుదు, ధర ఎక్కువ. అందుచేత మామూలు నోటుపై సంఖ్యను కొత్తగా అచ్చువేసి మోసము చేయుట కలదు. సంఖ్య సిరా కొత్తగా మెరుస్తున్నచో కొనవద్దు.

మామూలు నోట్లు లెక్కలేనన్ని ముద్రించినందున అవి నేటికిని కొద్ది రింగిట్లకే దొరుకును. వాటికి ఎవరైనను పెద్ద ధర అడిగినచో నమ్మవద్దు.

ఇంకొక నోటును గూర్చి మన పిల్లలకు చెప్పవలెను. యుద్ధము చివరి దశలో వచ్చిన ఒక రకపు వంద డాలర్ల నోటుపై రబ్బరు తోటలో పనిచేసే కూలీల బొమ్మ ఉన్నది. వారిని రైలు మార్గమునకు తరలించిన ప్రభుత్వమే వారి బొమ్మను నోటుపై వేసినది. ఒక నోటు కొనదలచినవారు ఆ నోటును కొనుట మంచిదని మా అభిప్రాయము.

పెన్సిలు వ్రాత సంగతి

ఒక కుటుంబమువారు మాకు కొన్ని పది డాలర్ల నోట్లు చూపినారు. వాటిలో ఒకదాని వెనుక పెన్సిలుతో తోట పేరు, లయము సంఖ్య, ఇద్దరి పేర్లు తెలుగులో వ్రాసియున్నవి. వ్యాపారి ఆ నోటును పక్కకు తీసి, “వ్రాత ఉన్నది గనుక దీనికి ధర లేదు, తుడిచి తెండి” అన్నాడట. వ్యాపారి దృష్టిలో అతడు చెప్పినది సరియైనదే. నోట్లు సేకరించేవారికి మచ్చలేని కాగితము కావలెను. మన దృష్టిలో మాత్రము ఆ కట్ట మొత్తములో విలువైనది ఆ ఒక్క నోటే. ఆ వ్రాత తుడిచినచో మిగిలేది ఏ సంతలోనైనను దొరికే కాగితము. ఆ కుటుంబము ఆ నోటును అమ్మలేదు. వ్రాత, ముద్ర, సంతకము, మడతలు ఉన్న ఏ కాగితమునైనను తుడుచుట, రుద్దుట, జిగురు అట్టలపై అంటించుట చేయవద్దు.

తపాలా బిళ్ళలు

జపాను కాలపు మలయా బిళ్ళలు కొన్నిటిపై 2602 అని సంవత్సరము ఉండును. అది ముద్రాదోషము కాదు. జపానువారి ప్రాచీన శకము ప్రకారము వేసిన సంవత్సరము. దానిలో నుండి 660 తీసివేసినచో మన 1942 వచ్చును. పాత రసీదులపైన, చీటీలపైన 2603, 2604 కనబడినచో ఇదే లెక్క వేసికొనండి.

ఆజాద్ హింద్ అని ముద్రించిన బిళ్ళలను కూడ అమ్ముతున్నారు. అవి జర్మనీలో ముద్రింపబడినవి. తపాలాలో వాడబడలేదు. మలయాలోని భారత జాతీయ సైన్యమువారు ఇండ్లకు వ్రాసిన ఉత్తరములపై ఇవి అంటించినారని చెప్పి అమ్మినచో అది కల్పన. తోటల నుండి ఝాన్సీ రాణి దళములో చేరిన యువతులున్నారు. వారి ఛాయాచిత్రములు ఇంట ఉన్నచో ఏ బిళ్ళకంటెను అవియే మనకు ముఖ్యము.

పతకములు

బ్రిటిషు పతకములను కొనే ముందు అంచును చదవండి. 1948 నుండి 1960 వరకు సాగిన అత్యవసర పరిస్థితి కాలములో ఇచ్చిన జనరల్ సర్వీస్ పతకముపై మలయా అని పట్టీ ఉండును. అంచుపై సైనికుని సంఖ్య, పేరు, దళము చెక్కియుండును. రెండవ ప్రపంచయుద్ధపు నక్షత్ర పతకములు బ్రిటిషువారు ఇచ్చినవి చాలవరకు పేరు లేనివి. భారత సైన్యమునకు ఇచ్చినవాటిపై తరచుగా పేరు ఉండును. పేరులేని నక్షత్రము, దానితో పాటు కాగితములు లేనిచో, ఎవరిదియు కాదనే చెప్పవలెను. దానిని చూపి కథ చెప్పేవారికి కథ ధర చెల్లించవద్దు.

ఇంట ఉన్న పతకమును చింతపండుతో గాని, పాలిషుతో గాని తోమవద్దు. మెరుపు వచ్చును గాని అంచుపైని పేరు అరిగిపోవును. పట్టీ చినిగినను దానితోనే ఉంచండి.

రైలు మేకులు, ఆయుధములు

మరణ రైలు మార్గపు మేకులని తుప్పుపట్టిన ఇనుప ముక్కలను అమ్ముతారు. ఏ మార్గపు మేకైనను తుప్పు పట్టినచో అట్లే ఉండును. జపానువారు మలయా తూర్పు రైలు మార్గపు పట్టాలనే పీకి సయామునకు తీసికొనిపోయినారు గనుక, పట్టాపై ఉన్న కర్మాగారపు పేరును చూచియు అది ఎక్కడిదో తేల్చలేము. వీటికి ధనము వ్యయము చేయవలదు.

తుపాకులు, తూటాలు, గుండ్లు ఎవరును కొనరాదు, ఇంట ఉంచరాదు. 1960 ఆయుధ చట్టము ప్రకారము అది నేరము. తోట భూమిలో పాత గుండు బయటపడినచో ముట్టుకొనక పోలీసువారికి తెలుపవలెను. భూమిలో దొరికిన ఇతర ప్రాచీన వస్తువులకు 2005 జాతీయ వారసత్వ చట్టము వర్తించును గనుక వాటిని గూర్చియు అధికారులకు తెలియజేయవలెను.

పుస్తకములు

అన్నిటికంటె పుస్తకములు కొనుటయే మేలని మేము చెబుతాము. తక్కువ ధరకు ఎక్కువ జ్ఞానము దొరికేది వాటిలోనే. పుస్తకములు కొనేవారు రెండు విధములు: సేకరించేవారు, చదివేవారు. సేకరించేవారికి మొదటి ముద్రణ, పై కాగితపు తొడుగు కావలెను. చదివేవారికి తరువాతి ముద్రణ చాలును. చిన్ కీ ఆన్ వ్రాసిన ‘మలయా అప్‌సైడ్ డౌన్’ 1946లో వెలువడినది. జపాను పాలనలోని తిండి కరువు, నోట్ల పతనము, దినదినము సాగిన జీవితము అందులో ఉన్నవి. దాని మొదటి ముద్రణ ఖరీదైనది, 1976 ముద్రణలో అదే పాఠము ఉన్నది.

స్పెన్సర్ చాప్‌మన్ 1949లో ప్రకటించిన ‘ది జంగిల్ ఈజ్ న్యూట్రల్’ చాల ముద్రణలు పొందినది గనుక చవకగా దొరుకును. అది అడవిలో దాగిన బ్రిటిషు అధికారి కథ. బ్రిటిషు ప్రభుత్వపు అధికార చరిత్ర ‘ది వార్ అగెయిన్స్ట్ జపాన్’ ఐదు సంపుటములు. మొదటి సంపుటము 1957లో వచ్చినది. కొనేటప్పుడు మడతపటములు ఉన్నవో, చింపబడినవో చూడవలెను. పటములు లేని సంపుటమునకు సగము ధరయైనను ఎక్కువే.

ప్యేర్ బూల్ అనే ఫ్రెంచి రచయిత క్వాయి నది వంతెన నవలను 1952లో వ్రాసినాడు. 1957లో అది చలనచిత్రమైనది. ఆయన యుద్ధమునకు ముందు మలయా రబ్బరు తోటలలో పనిచేసినవాడు, మనవంటి కూలీలను దినమును చూచినవాడు. అయినను ఆ నవలలో ముఖ్యులు బ్రిటిషు ఖైదీలే. ఈ రైలు మార్గమును గూర్చి లోకమునకు తెలిసినది చాలవరకు ఆ కథ ద్వారానే.

మనవారిని వెదుకువారు పుస్తకము వెనుకనున్న పదసూచికను ముందు చూడండి. తెలుగు అనే మాట అక్కడ అరుదుగా కనబడును. టమిల్స్, ఇండియన్స్, కూలీస్, లేబర్, ఎస్టేట్స్, రోముషా అనే మాటల కింద వెదకండి. దక్షిణ భారతీయులందరిని తమిళులని వ్రాయుట ఆ రచయితలకు అలవాటు. పదసూచికలో ఈ మాటలు ఒక్కటియు లేని పుస్తకము ఎంత ప్రసిద్ధమైనదైనను మన పనికి రాదు. పాల్ క్రటోస్కా 1998లో ప్రకటించిన జపాను పాలనా చరిత్ర సామాన్య ప్రజల జీవితమును వివరించును. తమిళము చదవగలవారు ఆర్. షణ్ముగం వ్రాసిన ‘సయాం మరణ రయిల్’ నవలను చదువవచ్చును.

మన వాతావరణములో పుస్తకమునకు శత్రువులు చెమ్మ, చెదలు. కొనే ముందు కుట్టును, అట్ట లోపలి అంచులను చూడండి. బూజు వాసన వచ్చే పుస్తకమును ఇతర పుస్తకములతో కలిపి పెట్టవద్దు. నీడలో, గాలి తగిలేచోట కొన్ని దినములు వేరుగా ఉంచండి.

అమ్మదలచినవారికి

అమ్ముట తప్పు కాదు. ఇంట చోటు లేకపోవచ్చును, ధనము అవసరము కావచ్చును. అయితే కొన్ని పనులు ముందుగా చేయవలెను.

పెట్టెను మొత్తముగా ఎవరికిని ఇవ్వవద్దు. వ్యాపారి తనకు కావలసిన నోట్లను, పతకములను తీసికొని, కాగితములను పారవేయును. ప్రతి వస్తువునకు రెండువైపుల ఛాయాచిత్రము తీయండి. అది ఎవరిది, ఏ తోటలో ఉన్నవారు, ఎవరి ద్వారా మీకు వచ్చినదో వేరే కాగితముపై వ్రాయండి. ఇంటిలో పెద్దవారున్నచో వారిని కూర్చుండబెట్టి అడగండి. ఛాయాచిత్రములోని ముఖములకు పేర్లు చెప్పగలవారు తగ్గిపోతున్నారు.

ఒకే మనిషికి చెందిన వస్తువులను విడదీయవద్దు. పతకము ఒకరికి, దాని కాగితము మరొకరికి అమ్మినచో రెండును మూగవైపోవును. ఒకే ధర వినగానే ఇవ్వక, ఇద్దరు ముగ్గురు వ్యాపారులకు చూపండి. కూలి చీటీలు, తోట క్రాని వ్రాసిన పేర్ల పట్టికలు, సయామునుండి తిరిగివచ్చినవారి కాగితములు అమ్మక, కౌలాలంపూరులోని జాతీయ పురాలేఖాగారమైన ఆర్కిబ్ నెగారాను సంప్రదించండి. మలయాలోని కార్మిక శాఖ, యుద్ధానంతర సైనిక పాలనల దస్త్రములు అక్కడ ఉన్నవి. మీ ఇంటి కాగితము ఆ దస్త్రముల పక్కన చేరినచో ఎవరో ఒకరు తమ తాత పేరును అక్కడ కనుగొనవచ్చును.

కాగితములు తెచ్చి చూపదలచినవారు ఆదివారము పూజ అనంతరము ఆలయ కార్యాలయములో మమ్ములను కలువవచ్చును. తెలుగు వ్రాత చదువలేకపోయినను తెండి. మేము చదివి చెబుతాము, మీకు చదువుటయు నేర్పుతాము.