ఎమర్జెన్సీ ఇచ్చిన జాగ, గుంజుకున్న హక్కు

మా వాడల్లో పెద్దోళ్లను ఎమర్జెన్సీ గురించి అడిగితే జైళ్ల మాట చెప్పరు. 'ఇందిరమ్మ జాగ ఇచ్చింది' అంటారు. దీన్ని అమాయకత్వమని కొట్టిపారేసే మేధావులున్నారు. అది తప్పు. దొర స్థలంలో గుడిసె వేసుకొని, ఎప్పుడు పొమ్మంటాడో తెలియక బతికిన మనిషికి పట్టా కాగితం చిన్న విషయం కాదు. అసలు ప్రశ్న వేరే ఉంది. నోళ్లు మూయించిన ప్రభుత్వమే పేదలకు చెయ్యెందుకు చాచింది?

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటించారు. 27న 14, 21, 22 అధికరణాల హక్కుల కోసం కోర్టుకు పోయే దారి మూసేశారు. జూలై 1న ఇరవై సూత్రాల కార్యక్రమం వచ్చింది. ఇళ్ల స్థలాలు, భూపరిమితి అమలు, వెట్టి రద్దు, వ్యవసాయ కూలీలకు కనీస వేతనం అన్నీ దళితులు ఏనాటి నుంచో అడుగుతున్నవే. వారం రోజుల్లో వచ్చిన ఈ రెండింటినీ విడదీసి చూడలేం. ప్రతిపక్షాన్ని జైల్లో పెట్టి, పత్రికల మీద సెన్సారు పెట్టిన ప్రభుత్వానికి తన పాలన న్యాయమైనదేనని చెప్పుకోను ఒక సాక్ష్యం కావాలి. పేదల మేలు ఆ సాక్ష్యమైంది.

వెట్టి రద్దు ఆర్డినెన్సు 1975 అక్టోబరులో వచ్చి, 1976లో చట్టమైంది. మంచి చట్టం, ఇప్పటికీ మన చేతిలో ఆయుధమే. దాని ప్రకారం విజిలెన్సు కమిటీల్లో ఎస్సీ, ఎస్టీ సభ్యులుండాలి. అయితే వాళ్లను ఎంచేది అధికారే, కూలి సంఘం కాదు. ఆర్డినెన్సు వచ్చి రెండు నెలలు తిరక్కముందే, డిసెంబరు 1న, ఆదిలాబాదు రైతాంగ పోరాటంలోంచి వచ్చిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. వెట్టి పోవడానికి రాజ్యం ఒప్పుకుంది. వెట్టివాడు తనంతట తాను లేచి నిలబడడానికి మాత్రం ఒప్పుకోలేదు.

ఢిల్లీలో ఇది ఇంకా నగ్నంగా జరిగింది. గుడిసెలు కూల్చి పేదలను ఊరవతల కాలనీలకు తోలారు. అక్కడ ప్లాటు దక్కాలంటే తాను కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవాలి, లేదంటే ఇంకొకర్ని తీసుకురావాలి. అట్లాంటి ఒక కాలనీ దస్త్రాలు తిరగేసి ఎమ్మా టార్లో 2003లో పుస్తకం రాసింది. నాలుగు డబ్బులున్న పేద, ఏమీ లేని పేదను కొనుక్కున్నాడని అందులో తేలింది. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి.

1977లో ఉత్తరాది ఆ ప్రభుత్వాన్ని ఓడగొట్టింది. ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెసుకే ఇచ్చింది. పట్టా అంది, కత్తి అంతగా తగలని చోట మేలు గుర్తుండిపోయింది. ఆ ఫలితానికి ఇదీ ఒక కారణమే.

హక్కు భంగమైతే నేరుగా సుప్రీంకోర్టుకు పోనిచ్చే 32వ అధికరణమే రాజ్యాంగానికి ప్రాణమని 1948లో అంబేద్కర్ ఊరికే అనలేదు. ఇచ్చింది తీసుకుందాం, అది మనదే. కాని ఏ పథకాన్నయినా ఒక్క ప్రశ్నతో కొలుద్దాం: రేపు కలెక్టరాఫీసు ముందు ధర్నాకు కూర్చుంటే ఈ పట్టా నిలుస్తుందా? నిలవకపోతే అది హక్కు కాదు, దొర పెట్టిన భిక్షే.