షింఖీత్: ఇసుక అంచున గ్రంథాలయాలు

ధార్మిక విద్య అభ్యసించిన వారికి ‘షింఖీతీ’ అనే పేరు కొత్త కాదు. ‘అజ్వావుల్ బయాన్’ అనే ఖుర్‌ఆన్ వ్యాఖ్యాన కర్త షేఖ్ ముహమ్మద్ అమీన్ షింఖీతీ హజ్ కోసం స్వదేశం వదిలి వచ్చి, మదీనాలో బోధకులుగా నిలిచిపోయి, 1974లో మక్కాలో కన్నుమూశారు. షింఖీత్ అనేది పశ్చిమాఫ్రికాలో ఒక చిన్న ఊరు. హజ్ బిడారులు అక్కడ కూడి బయలుదేరేవి గనుక తూర్పు అరబ్బులు ఆ ప్రాంతమంతటినీ ఆ ఊరి పేరుతోనే పిలిచారు. నేటి మౌరిటానియా దేశం అదే. ఎన్నో ఏళ్లుగా ఆ పేరు పాఠాల్లో పలుకుతున్న నాకు ఆ ఊరు ఎక్కడుందో పటంలో చూపడం కూడా రాదు.

నా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడ చదువుకుంటూ ‘ఉస్తాద్, ఒక్కసారి రండి’ అని పట్టుబట్టకపోతే ఈ ప్రయాణం జరిగేది కాదు. మన దేశం నుండి నేరుగా విమానం లేదు. ఇస్తాంబుల్ మీదుగా రాజధాని నవాక్షోత్ చేరాను. రెండు తెలుగు రాష్ట్రాలను కలిపినా ఆ దేశ విస్తీర్ణంలో మూడో వంతు కూడా కాదు. జనాభా మాత్రం అరకోటికి అటూఇటూ. మిగిలినదంతా ఎడారి. రాజధాని నుండి అతార్ పట్టణానికి దాదాపు 430 కిలోమీటర్లు, అక్కడి నుండి కొండదారిన షింఖీత్‌కు మరో 80. మధ్యలో ఆగిన ప్రతి గుడారంలోనూ పుదీనా వేసిన పచ్చ తేనీరు మూడు విడతలుగా పోశారు. మూడోది తాగకుండా లేవడం మర్యాద కాదని మావాడు ముందే హెచ్చరించాడు.

షింఖీత్ పాత మస్జిద్ రాళ్లు పేర్చి కట్టినది. మీనార్ శిఖరాన నిప్పుకోడి గుడ్లు అమర్చారు. లోపల చాపలు, తివాచీలు లేవు, నేలంతా ఇసుకే. సజ్దాలో నుదుటికి చల్లని ఇసుక తగిలింది. మాలికీ విధానంలో ఇమామ్ చేతులు కిందికి వదిలి నిలబడ్డారు. ఫాతిహాలో మనం దీర్ఘంగా పలికే ఒక పదాన్ని వారు హ్రస్వంగా పఠించారు. ఆ పఠన భేదాన్ని పుస్తకాల్లో చదివి బోధించినవాణ్ణే గాని, నమాజులో ఇమామ్ వెనుక నిలబడి వినడం అదే తొలిసారి.

వారి పాఠశాలను ‘మహ్‌జరా’ అంటారు. విద్యార్థి చెక్క పలక మీద బొగ్గు, తుమ్మజిగురు కలిపిన సిరాతో పాఠం రాసుకుని, కంఠస్థమయ్యాక కడిగేస్తాడు. మనం పుస్తకం ముందు పెట్టుకుని వివరణతో మొదలుపెడతాం. వారికి ముందు కంఠపాఠం, ఆ తర్వాతే వివరణ. ఖలీల్ ఫిఖ్హ్ గ్రంథాన్నీ, ఇబ్ను మాలిక్ వ్యాకరణ పద్యాలు వెయ్యింటినీ చూడకుండా అప్పజెప్పే యువకులను చూసి నాకు కొంచెం సిగ్గు వేసింది. నా పుస్తకాల అరబీ విని చిన్న పిల్లలు నవ్వారు, అది వేరే సంగతి.

అంతా మెచ్చుకోలుగా రాస్తే అబద్ధమవుతుంది. ఆ దేశంలో బానిసత్వం రద్దయింది 1981లో. దాన్ని నేరంగా ప్రకటించే చట్టం 2007లో గాని రాలేదు. బానిసల విముక్తి ఎంతటి పుణ్యకార్యమో వివరించే ఫిఖ్హ్ గ్రంథాలను తరతరాలుగా కంఠస్థం చేసిన సమాజం అది. ఆ విషయం అడిగితే మావాడు తల దించుకున్నాడు.

నేను అసలు వెళ్లింది గ్రంథాల కోసం. శతాబ్దాలుగా కొన్ని కుటుంబాలు ఆ ఊరి మట్టి గదుల్లో చేతిరాత ప్రతులను కాపాడుతున్నాయి. 1996లో యునెస్కో ఆ పాత ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కాని ఇసుక జాబితాలు చదవదు. పాత వీధుల్లో కొన్ని ఇళ్లు సగం వరకు పూడిపోయాయి. జనం చాలామంది వాగు అవతలి కొత్త ఊరికి తరలిపోయారు. ఇక్కడి పొడిగాలి ఇన్నాళ్లూ కాగితాన్ని కాపాడింది; అరుదుగా పడే వానా, చెదలూ దాన్ని తినేస్తున్నాయి.

ఒక పెద్దాయన కొయ్య తాళంచెవితో కొయ్య తాళం తీసి, తోలు అట్టల హదీసు గ్రంథం ఒకటి తెరిచారు. పక్కన ఎర్ర సిరాతో చిన్న అక్షరాల వ్యాఖ్య.

‘వీటిని రాజధానిలో భద్రమైన గదులకు అప్పగించకూడదా?’ అని అడిగాను.

‘ఇవి మా పెద్దలు చేసిన వక్ఫ్. మేము యజమానులం కాము, కావలివాళ్లం. ఇల్లు దాటించే హక్కు మాకు లేదు.’

ఆ జవాబుకు నేను పూర్తిగా ఒప్పుకోలేదు. చెదల పాలైన వక్ఫ్ ఎవరికి మేలు చేస్తుంది? కనీసం ఛాయాచిత్రాలైనా తీయించి ఉంచాలి కదా. ఆ మాటే అన్నాను. ఆయన కోపగించుకోలేదు. పుస్తకం మూస్తూ, ‘మౌలానా, మీ తాతగారి గ్రంథాలు ఎవరి దగ్గర ఉన్నాయి?’ అని అడిగారు.

నేను బదులు చెప్పలేకపోయాను. మా తాతగారి ఉర్దూ, ఫార్సీ పుస్తకాలలో సగం, ఇల్లు మారినప్పుడు చోటు లేదని, పాత కాగితాలవాడికి తూకానికి ఇచ్చింది నేనే.

తిరిగి వచ్చిన వారం రోజులకు అటక మీది ఇనుప పెట్టె దింపించాను. పదిహేడు పుస్తకాలు మిగిలి ఉన్నాయి. నేను పేర్లు చదువుతుంటే మా పెద్దమ్మాయి రాసుకుంది. పదమూడో దానికి మొదటి ఆకులు లేవు. అది ఏ గ్రంథమో ఇంకా వెతుకుతున్నాం.