కరువు కట్టిన కోవెల

పండుగ అంటే పెద్దవాళ్ళకు పని, ఖర్చు. పిల్లలకు మాత్రం ప్రయాణం. బండి కదలాలి, చేతిలో తినడానికేదో ఉండాలి, వెళ్ళిన చోట కావలసినంత జనం ఉండాలి. అది ఏ దేవుడి పండుగ అన్న ప్రశ్న వాళ్ళకు పుట్టనే పుట్టదు. మా ఇంట్లో క్రిస్మస్ చేసుకునే ఆనవాయితీ లేదు. అయితేనేం, బడిలో కాగితపు నక్షత్రాలు కత్తిరించి, దూదితో గడ్డాలంటించి, క్రిస్మస్ తాత బొమ్మలు గీసి వచ్చిన మా అమ్మాయీ అబ్బాయీ, "అన్నిటికంటే పెద్ద క్రిస్మస్ ఎక్కడ జరుగుతుంది నాన్నా?" అని డిసెంబరు నెలంతా నన్ను నిలవనీయలేదు. అమ్మాయికి ఎనిమిదేళ్ళు, అబ్బాయికి ఆరు. వాళ్ళకు వాయిదా అనే మాట ఇంకా అర్థం కాదు.

ప్రపంచం సంగతి ఎందుకు గాని, మా హైదరాబాదు వాళ్ళకు పెద్ద క్రిస్మస్ అంటే మెదకు చర్చిలోనే. దూరం సుమారు వంద కిలోమీటర్లు. "పోదాం" అన్నాను. మా ఆవిడ పులిహోర కలపడానికి లేచింది. మూలన కూర్చుని పత్తి వత్తులు చేసుకుంటున్న మా అమ్మ, "నేను గూడ వస్త" అన్నది. మా అమ్మ పుట్టిల్లు మెదకు పక్క పల్లె. డెబ్బయి ఏళ్ళు దాటాక, మోకాళ్ళ నొప్పులతో, ఆమె ప్రయాణానికి తనంతట తాను సిద్ధపడడం నాకు వింతగానే తోచింది.

పండుగ నాడు జూబిలీ బస్ స్టేషన్లో బస్సెక్కాము. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ బస్సులలో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు గదా! అమ్మకు, ఆవిడకు, అమ్మాయికి సున్నా టిక్కెట్లు. నాకు నిండు టిక్కెట్టు, మావాడికి అర టిక్కెట్టు. "మనిద్దరమే ఎందుకు డబ్బులివ్వాలి?" అని వాడు కండక్టరును నిలదీశాడు. ఆయన నవ్వి, "నన్నడగకు బాబూ, నేనూ నీ జట్టే" అన్నాడు. నర్సాపూర్ అడవి వచ్చేదాకా వాడి అలక తీరలేదు. అక్కడ రోడ్డు వారగా కోతులు కనిపించాయి. వాటిని లెక్కపెట్టడంలో పడి కోపం మరిచిపోయాడు.

మెదకు చేరువ కాగానే ముందు కనిపించేది చర్చి శిఖరం. దాని ఎత్తు 175 అడుగులు. లోపలి మందిరం 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. అయిదు వేలమంది ఒక్కసారి కూర్చుని ప్రార్థన చేసుకోవచ్చునంటారు. పండుగ రోజున తెల్లవారకముందే మొదటి ఆరాధన మొదలవుతుంది. దూరపు జిల్లాల వాళ్ళు ముందు రాత్రే వచ్చి, ఆవరణలో చెట్ల కింద దుప్పట్లు పరుచుకుంటారు. మేము వెళ్ళేసరికి మూడు రాళ్ళ పొయ్యిల మీద అన్నాలు ఉడుకుతున్నాయి. గాజుల దుకాణాలు, మిర్చి బజ్జీల బండ్లు, రంగులరాట్నం, బూరలు, బుడగలు - అచ్చంగా మన జాతరే. నుదుట బొట్టు పెట్టుకున్న వాళ్ళూ, మెడలో సిలువ వేసుకున్న వాళ్ళూ ఒకే వరసలో కొవ్వొత్తులు కొంటున్నారు.

మధ్యాహ్నం మేమూ ఒక చెట్టు కింద చేరి పులిహోర డబ్బా మూత తీశాము. పక్క దుప్పటి మీది పెద్దావిడ, అడగకుండానే, మా పిల్లల చేతుల్లో నాలుగేసి గరిజెలు పోసింది. మా ఆవిడ వాళ్ళకు పులిహోర పెట్టింది. పేర్లు అడిగి తెలుసుకోకముందే రెండు కుటుంబాలకూ కడుపు నిండింది.

పిల్లలకు అన్నం పెట్టి, క్యూలో నిలబడి లోపలికి వెళ్ళేసరికి మూడున్నర దాటింది. మూడు దిక్కులా మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఉన్నాయి. తూర్పున క్రీస్తు సిలువ, ఉత్తరాన ఆరోహణం, పడమట జననం. పొద్దు వాలుతున్న వేళ కాబట్టి పడమటి కిటికీ నిప్పంటుకున్నట్లు వెలుగుతున్నది. "వెనకాల ఎన్ని లైట్లు పెట్టారు నాన్నా?" అన్నది అమ్మాయి. ఒక్కటే, అది సూర్యుడని చెప్పాను. ఇలాటి కిటికీలకు రంగు గాజు ముక్కల మీద ముఖాలు, బట్టల మడతలు చిత్రించి, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో ఒకదానికొకటి కూరుస్తారు. వెలుగు బయటినుంచి వస్తేనే లోపలివాళ్ళకు బొమ్మ కనబడుతుంది. పొద్దు గుంకిందా, అంత కిటికీ నల్ల పలకే.

మావాడి దృష్టి మాత్రం కింద పడుకున్న పసివాడి మీద ఉన్నది. "ఉయ్యాలలో ఎందుకు వెయ్యలేదు?" అన్నాడు. సత్రంలో చోటు లేక పశువుల తొట్టిలో పడుకోబెట్టారని చెప్పాను. తెలుగు పంతుల్ని గదా, మాటల మూలాలు చెప్పకుండా ఉండలేను. ఆ బిడ్డ పుట్టిన ఊరు బెత్లెహేము. హీబ్రూ భాషలో ఆ మాటకు 'రొట్టెల ఇల్లు' అని అర్థం. మన భాషలో చెప్పుకుంటే అన్నపు ఇల్లు. అన్నపు ఇంటి ఊళ్ళో, మేత వేసే తొట్టిలో బిడ్డ పుట్టాడన్నమాట. ఈ కథలో మొదటినుంచీ ఆకలి ప్రసక్తి ఉన్నది.

మెదకు చర్చి కథలోనూ ఉన్నది. 1897లో మెదకు వచ్చిన ఛార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ దీనిని తలపెట్టాడు. 1914లో పని మొదలైంది. ఆ ఏడే మొదటి ప్రపంచ యుద్ధమూ మొదలైంది. వానలు లేక, పనులు లేక, పల్లెలు మాడిపోతున్న రోజులు. చర్చి పనికి వచ్చినవాళ్ళకు కూలి కింద తిండి పెట్టారు. అలా పదేళ్ళు సాగి, 1924 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, మందిరం ప్రతిష్ఠ జరిగింది. 2024తో దానికి నూరేళ్ళు నిండాయి. కరువులో కట్టడాలు లేవడం మన దేశంలో కొత్త కాదు. లక్నోలో అసఫుద్దౌలా నవాబు 1784లో బడా ఇమాంబాడా కట్టించడమూ, జోధ్‌పూర్‌లో 1929లో ఉమైద్ భవనానికి పునాది పడడమూ ఇలా కరువు పనులుగానే.

బయటికి వచ్చి, ప్రాకారం చుట్టూ తిరుగుతూ ఈ సంగతులన్నీ పిల్లలకు తేదీలతో సహా చెబుతున్నాను. మా అమ్మ వినడం లేదు. గోడ దగ్గరకు నడిచి, ఆ బూడిదరంగు రాతి మీద అరచెయ్యి ఆనించి నిలబడింది.

"మా అమ్మమ్మ గీడనే రాళ్ళు మోసింది బిడ్డా" అన్నది అమ్మాయితో. "పొద్దంత మోస్తె మాపటికి ఇంత జొన్న గట్క దొరికేదట. ఇంట్ల ముగ్గురు పిల్లలు. దాంతోనే బతికిచ్చుకున్నది. అండ్ల మా అమ్మ ఒకతి."

"ఊరికే పెట్టలేదా నానమ్మా?" అన్నాడు మావాడు. అన్నం పెట్టినవాళ్ళు మంచివాళ్ళయితే రాళ్ళెందుకు మోయించారని వాడి సందేహం.

"ఊకె పెడితె అడుక్కున్నట్టయితది. పని జేసి తిన్నది. అందుకే సచ్చేదాక తలెత్తుకోని చెప్పింది, నేను మోసిన గుడి అని."

"ఆమె మోసిన రాయి ఏది?"

"ఎవలకెరుక! నీకు నచ్చింది పట్టుకో."

వాడు వెతికి వెతికి, తన ఎత్తుకు అందే రాయి ఒకటి ఎంచుకుని రెండు చేతులూ పెట్టాడు. అమ్మాయి వేరే రాయి పట్టుకున్నది. ఇద్దరికీ మా అమ్మ తీర్పు చెప్పలేదు.

నేను ఆలోచనలో పడ్డాను. కట్టించినవారి పేరు పుస్తకాలలో ఉన్నది. మోసినవాళ్ళ పేర్లు ఎక్కడున్నాయి? ఆ సాయంత్రం దుప్పట్ల మీద కూర్చున్న వేలమందిలో, ఇలాటి ముత్తవ్వలూ ముత్తాతలూ ఉన్న కుటుంబాలు ఎన్నో! వాళ్ళు ఏ మతం పుచ్చుకున్నా, పుచ్చుకోకపోయినా, పండుగ నాడు ఇక్కడికి రావడంలో దేవుడి పట్ల భక్తితోపాటు మరొక హక్కు కూడా ఉన్నది. అది మా అమ్మ అరచేతిలో నాకు కనిపించింది.

మీరూ పిల్లలతో వెళ్ళాలనుకుంటే రెండు మాటలు. పండుగ నాడు జనం విపరీతం. మీ ఫోను నెంబరు ఒక చీటీ మీద రాసి పిల్లల జేబులో వెయ్యండి. జనంలో ఇమడలేని వృద్ధులుంటే మరో రోజు వెళ్ళండి, చర్చి ఎక్కడికీ పోదు. తూర్పు కిటికీని ఉదయం, పడమటి కిటికీని సాయంత్రం పొద్దు గుంకక ముందు చూడండి. బజ్జీలకు, బూరలకు, ఎర్ర టోపీలకు కాస్త చిల్లర విడిగా ఉంచుకోండి. ఆ ఖర్చు తప్పేది కాదు.

అంత పెద్ద గోపురాన్ని చూడగానే, ఇది ఎవరు కట్టారని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఒక్క పేరు చెప్పి ఊరుకోకండి.