రోజంతా కారు నడిపేవారి ఆరోగ్యం – ఇంటివారు తెలుసుకోవలసిన విషయాలు



రాత్రివేళ ఆసుపత్రి గుమ్మం ముందు కారు ఆగితే అందరి చూపూ రోగి మీదనే ఉంటుంది. స్ట్రెచరు తెస్తాం, సెలైను పెడతాం, మీరు మందుల చీటీ పట్టుకుని పరుగెడతారు. ఆ హడావుడి తగ్గాక బయటికి వచ్చి చూస్తే, కారు నడిపి తెచ్చిన అబ్బాయి మెట్ల మీద కూర్చుని గోడకు తల ఆనించి ఉంటాడు. కళ్లు ఎర్రగా ఉంటాయి. ఎప్పుడు పడుకున్నావు బాబూ అని అడిగితే ఒక్కొక్కసారి వేళ్లు లెక్కపెట్టి చెప్తాడు. ఈ నాలుగు మాటలు అతని గురించి, అతని ఇంటివారి గురించి రాస్తున్నాను. మీ ఇంట్లో డ్రైవరు లేకపోయినా చదవండి. ఎప్పుడో ఒకప్పుడు మీరూ, మీ రోగీ అతని వెనుక సీట్లో కూర్చునేవారే.

మన మండవల్లి చుట్టుపక్కల చిన్న కారు మీద బ్రతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. కొందరు ఆల్టో, ఇండికా వంటి బండి కొనుక్కుని కిరాయిలకు తిప్పేవారు. కొందరు చేపల మేత, రొయ్యల మేత, చెరువు మందుల కంపెనీల తరఫున కైకలూరు, ఆకివీడు, భీమవరం, గణపవరం చెరువుల మీద తిరిగేవారు. ఒక్కసారి లెక్క వేసి చూడండి. మండవల్లి నుంచి గుడివాడ, విజయవాడ మీదుగా హైదరాబాదు సుమారు 340 కిలోమీటర్లు. రానుపోను 680. నెలకు పది కిరాయిలు ఇలాంటివి తగిలితే 6,800. సంవత్సరానికి 80,000 దాటుతుంది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. అంటే మీ ఇంటి మనిషి ఏడాదికి రెండుసార్లు భూమిని చుట్టి వస్తున్నాడన్నమాట, అదీ మోకాళ్లు చాపుకోవటానికి చోటు లేని బండిలో. బండికి పది వేల కిలోమీటర్లకు ఆయిలు మారుస్తారు. మనిషికి ఏం మారుస్తున్నాం?

మొదట నిద్ర సంగతి చెప్పాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

నిద్ర లేకపోవటం వేరు, మద్యం తాగటం వేరు అని మనం అనుకుంటాం. 1997లో ఆస్ట్రేలియాలో శాస్త్రజ్ఞులు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చేతికి, కంటికి ఉండే పొందిక, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషి స్థితికి సమానంగా తగ్గిపోయింది. 24 గంటలు మెలకువగా ఉంటే ఇంకా ఘోరం, సుమారు 100 మిల్లీగ్రాములకు సమానం. మన దేశంలో మోటారు వాహనాల చట్టం ప్రకారం 30 మిల్లీగ్రాములు దాటితేనే నేరం. ఉదయం 5 గంటలకు లేచి హైదరాబాదు వెళ్లిన డ్రైవరుకు రాత్రి 10 గంటలకు 17 గంటలు నిండుతాయి. అప్పటికి అతను తిరుగు ప్రయాణంలో ఏ సూర్యాపేట దగ్గరో ఉంటాడు. చుక్క ముట్టని మనిషే, కానీ అతని ఒళ్లు తాగిన మనిషి ఒళ్లులాగే ఉంటుంది. దీన్ని పట్టుకునే మిషను ఏ పోలీసు దగ్గరా లేదు.

ఇంకొక సంగతి. నిద్ర మొత్తంగా రానక్కరలేదు. కళ్లు తెరిచి ఉండగానే మెదడు మూడు నాలుగు సెకన్లు ఆగిపోతుంది. దీన్ని మనవాళ్లు కునుకు అంటారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే బండి దాదాపు 90 మీటర్లు పోతుంది. ఆ 90 మీటర్లూ బండిని ఎవరూ నడపటం లేదు. ఆ కునుకు పట్టిందని చాలామందికి తర్వాత గుర్తు కూడా ఉండదు. “నాకు నిద్ర రాలేదు సిస్టరు గారూ, బండే పక్కకు లాగింది” అని కట్లు కట్టించుకుంటూ చెప్పినవారిని నేను చూశాను. వారు అబద్ధం చెప్పటం లేదు.

తెల్లవారుజామున 2 నుంచి 5 గంటల మధ్య, మళ్లీ మధ్యాహ్నం భోజనం తర్వాత 2 నుంచి 4 మధ్య ఒంట్లో నిద్ర పొంగుతుంది. ఇది శరీరంలో ఉన్న గడియారం, ధైర్యంతో ఆగేది కాదు. డిసెంబరు, జనవరి నెలల్లో కొల్లేటి వైపు తెల్లవారుజామున పొగమంచు కూడా కమ్ముతుంది. ఒక పక్క కాలువ, ఇంకొక పక్క చెరువు ఉన్న గట్టు రోడ్ల మీద చాలాచోట్ల అడ్డుగోడ ఉండదు. ఆ వేళ ఇల్లు ఇంకా పది కిలోమీటర్లే ఉందని ఆగకుండా వచ్చేయటం మంచిది కాదు. కిటికీ దించటం, పాటలు పెట్టటం, మొహం మీద నీళ్లు చల్లుకోవటం కొద్ది నిమిషాలు మాత్రమే పనిచేస్తాయి. పనికి వచ్చేది ఒకటుంది. ఒక కప్పు టీ గాని కాఫీ గాని తాగి, వెంటనే పక్కన సురక్షితమైన చోట ఆపి 20 నిమిషాలు పడుకోవాలి. టీ, కాఫీల ప్రభావం మెదడుకు చేరటానికి సుమారు అరగంట పడుతుంది గనుక లేచేసరికి రెండూ కలిసి వస్తాయి. అయితే ఇది ఇల్లు చేరటానికి సాయపడుతుంది గాని రాత్రి నిద్రకు బదులు కాదు.

కారులో పడుకోవటం గురించి ఒక హెచ్చరిక. మన ప్రాంతంలో దోమలు ఎంతో మీకు తెలుసు. అందుకని అద్దాలన్నీ ఎత్తి, ఇంజను ఆన్‌లో ఉంచి, ఏసీ పెట్టుకుని పడుకుంటారు. ఆగిన బండి పొగలో కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. సైలెన్సరులో చిల్లు ఉన్నా, బండి గోడ పక్కన నిలిపినా అది లోపలికి వస్తుంది. నిద్రలో ఉన్న మనిషికి మెలకువ రాదు. ఇంజను ఆపి, రెండు అద్దాలు నాలుగు వేళ్లంత దించి పడుకోమనండి. దోమల కోసం పాత దోమతెర ముక్క కోసి అద్దాలకు తగిలించే విధంగా కుట్టి ఇవ్వండి. ఒక డ్రైవరుగారి తల్లి ఇలా కుట్టి ఇచ్చారు, నాకు చాలా నచ్చింది.

ఇక ఇంటివారి పాత్ర. రాత్రంతా నడిపి వచ్చిన మనిషి పగలు పడుకుంటే మన ఇళ్లలో దాన్ని నిద్రగా లెక్కపెట్టరు. టీవీ మోగుతుంది, రేకుల ఇల్లు కాగుతుంది, “నాన్నా, బావగారొచ్చారు, ఒకసారి లే” అని లేపుతారు, మధ్యలో కరెంటు బిల్లు కట్టి రమ్మంటారు. వచ్చిన చుట్టం కూడా అతను పడుకుని ఉంటే నొచ్చుకుంటాడు. దయచేసి ఆ ఏడు గంటలు కాపలా కాయండి. కిటికీకి తడి గోనె పట్టా కట్టండి. ఫోను మీరే తీసుకుని “పడుకున్నారు, సాయంత్రం చేయండి” అని చెప్పండి. కిరాయి పోతుందని భయమే, నాకు తెలుసు. బండి మీద ఫైనాన్సు కంతు ఉంటుంది. కాని మన మాట కంటే ముందు చట్టమే చెప్పింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలో డ్రైవరుకు రోజుకు 8 గంటల పని అని, 5 గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి అని రాశారు. ఐదుగురి కంటే తక్కువ పనివారున్న చోటికి ఆ చట్టం రాలేదు. సొంత బండి డ్రైవరుకు పెద్ద యజమానీ లేడు, కాపాడే చట్టమూ లేదు. అతనికి ఇల్లే ఉంది.

చేయి తిరిగినవాడు, ఏమీ కాదు అని కూడా అంటారు. మన పక్కనున్న గుడివాడ నుంచి 1983లో గెలిచిన ఎన్.టి.రామారావుగారి చైతన్యరథాన్ని ఊరూరా నడిపినది ఆయన కుమారుడు హరికృష్ణగారు. వేల కిలోమీటర్లు నడిపిన చేతులు అవి. 2018 ఆగస్టు 29న ఆయన తెల్లవారకముందే హైదరాబాదు నుంచి తానే కారు నడుపుకుంటూ బయలుదేరి, నల్గొండ జిల్లాలో జరిగిన ప్రమాదంలో బయటికి విసిరివేయబడి మరణించారు. సీటు బెల్టు పెట్టుకోలేదని అప్పుడు పత్రికలలో వచ్చింది. చిన్న కారు తేలిక గనుక బెల్టు అవసరం ఇంకా ఎక్కువ, వెనుక సీట్లో కూర్చున్నవారికి కూడా.

ఇప్పుడు కాళ్ల సంగతి. మేత కంపెనీలో తిరిగే ఒకాయన ఎడమ పిక్క వాచిందని వచ్చారు. నాలుగు రోజులుగా వాతం అనుకుని ఇంట్లో ఆముదం కాచి రాసి, గట్టిగా మర్దన చేస్తున్నారు. చూస్తే ఒక్క కాలే వాచి ఉంది, వేడిగా ఉంది, పిక్క ముట్టుకుంటే నొప్పి. మోకాలు వంచి గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కలోని సిరల్లో రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు. విమానం, కారు, బస్సు ఏదైనా సరే, నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణిస్తే ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలిపింది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తికి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. మర్దన చేస్తే కదిలే అవకాశం ఉంది. గనుక ఒక్క కాలు వాచినప్పుడు నూనె వద్దు, మర్దన వద్దు, అదే రోజు చూపించండి. దానితో పాటు ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం కనిపిస్తే 108కి ఫోను చేయండి. ఆ పరిస్థితిలో అతను తానే కారు నడుపుకుంటూ ఆసుపత్రికి రాకూడదు. వస్తారు, అందుకే రాస్తున్నాను. మా ఆయన సమయానికి వచ్చారు, పెద్ద ఆసుపత్రికి పంపి మందులు వాడించాక కోలుకున్నారు.

రెండు గంటలకు ఒకసారి దిగి ఐదు నిమిషాలు నడవటం దీనికి మంచి మందు. ఆ దిగినప్పుడే మూత్రానికి వెళ్లి నీళ్లు తాగాలి. దిగవలసి వస్తుందని నీళ్లు మానేసేవారికి మూత్రపిండాలలో రాళ్లు, మూత్రంలో మంట తప్పవు. నడుము నొప్పికి వెనుక జేబులోని పర్సు తీసి డ్యాష్‌బోర్డులో పెట్టమనండి. ఒక తువ్వాలు చుట్టచుట్టి నడుము వంపు దగ్గర పెట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది. క్లచ్చి పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు జరుపుకోవాలి.

షుగరు ఉన్న డ్రైవరు ఇంటివారు మరికొంత జాగ్రత్తగా ఉండాలి. గ్లిమిపిరైడు వంటి మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసుకుని, కిరాయి తొందరలో టిఫిను మానేసి బయలుదేరితే దారిలో షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, తికమక మాటలు వస్తాయి. చూసినవారు తాగాడని అనుకుంటారు. మందు వేసుకున్నాక తినకుండా గడప దాటనీయకండి. బండిలో గ్లూకోజు పొడి గాని పంచదార గాని ఎప్పుడూ ఉంచండి. అలా అనిపించగానే బండి ఆపి, అది తిని, బాగా కుదుటపడేవరకు నడపకూడదు. అలాగే జలుబుకు, దురదకు మందుల షాపులో ఇచ్చే మాత్రలలో చాలావరకు మత్తు ఉంటుంది. నేను డ్రైవరును అని ముందే చెప్పి అడగాలి.

మీ రోగిని అర్ధరాత్రి విజయవాడకో ఏలూరుకో తీసుకువెళ్లవలసి వస్తే, డ్రైవరును ఒక ప్రశ్న అడగండి: “బాబూ, ఇవాళ ఎన్ని గంటలు పడుకున్నావు?” కిరాయి ఎంత అని అడిగే ముందే అడగండి. ఇప్పుడే దూర ప్రయాణం నుంచి వచ్చానంటే ఇంకొకరిని చూసుకోండి, లేదా 108 పిలవండి. వెళ్లేటప్పుడు ముందు సీట్లో మీలో ఒకరు మెలకువగా ఉండి మాట్లాడుతూ ఉండండి. ఆసుపత్రిలో దించిన వెంటనే అతన్ని ఖాళీ బండితో వెనక్కి తోలకండి. టిఫిను పెట్టించి, కాసేపు నడుం వాల్చటానికి చోటు చూపించండి. డబ్బు ఇచ్చాము కదా అని వదిలేయకండి, అతనికీ ఇంటి దగ్గర ఎదురు చూసేవారు ఉంటారు.

మీ ఇంటి డ్రైవరును మా దగ్గరకు తీసుకువచ్చేటప్పుడు, వారం రోజులపాటు ఏ రోజు ఎన్నింటికి బయలుదేరారు, ఎన్నింటికి వచ్చారు, ఎంతసేపు పడుకున్నారు ఒక కాగితం మీద రాసి తెండి. బీపీ, షుగరుతో పాటు డాక్టరుగారు ఆ కాగితం కూడా చూస్తారు. అతను పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్లయి, ఉలిక్కిపడి మళ్లీ గురక మొదలుపెడుతుంటే అది కూడా రాయండి. అలాంటివారికి ఎంత పడుకున్నా నిద్ర తీరదు, దానికి పరీక్షా ఉంది, వైద్యమూ ఉంది. వీలైతే భార్యగారు కూడా వెంట రండి. గురక సంగతి మగవారు తమంతట తాము ఎప్పుడూ ఒప్పుకోరు.