చిట్టా ముందు, ఆవర్జా తరువాత

హఫీజ్‌పేట్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి, పక్క స్టేషన్ హైటెక్ సిటీలో దిగిపోయే కుర్రాళ్లను చూస్తుంటావు కదా బిడ్డా. వాళ్లలో కొందరికి పగలూ రాత్రీ డేటాబేస్ సర్వర్ల కాపలాయే ఉద్యోగం. ఆ సర్వర్ లోపల ఏం జరుగుతుందో చెబుతా, విను.

మన వీధి కిరాణా కొట్టు లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ఉన్నాయనుకో. పెరుగు ప్యాకెట్లు 40. నువ్వొకటి కొనగానే 39. ఆ అంకె ఉన్న 8 కిలోబైట్ల పేజీ మెమరీలోకి వచ్చి, అక్కడే మారుతుంది. డిస్కు మీద ఇంకా 40 అనే ఉంటుంది! ఇలా మారి, డిస్కుకెక్కని పేజీని డర్టీ పేజీ అంటారు. పాపం, దానికి మురికేమీ అంటలేదు. అసలైన తాజా లెక్క అదే.

మరి ఈలోగా కరెంటు పోతే?

పాతకాలం షావుకారు అమ్మకం కాగానే చిట్టాలో ఒక వరుస రాసుకునేవాడు. ఖాతాల వారీగా ఆవర్జాకు ఎక్కించడం గుమాస్తా తీరిగ్గా చూసుకునేవాడు. ఇక్కడా అంతే. ఈ చిట్టా పేరు వాల్. అందులోని వరుస డిస్కుకు చేరాకే బిల్లు ఖాయమైనట్టు. పేజీకి తొందరేమీ లేదు. రద్దీవేళ అదే పేజీ ఇరవైసార్లు మారినా, చివరికి ఒక్కసారి రాస్తే సరిపోతుంది. లాభమంతా అక్కడే.

ఇక గుమాస్తాలు ఇద్దరు. బ్యాక్‌గ్రౌండ్ రైటర్ 200 మిల్లీసెకన్లకోసారి లేచి, త్వరలో చోటు ఖాళీ చేయాల్సిన డర్టీ పేజీలను రాసేస్తాడు, విడతకు మహా అయితే 100. వాడు లేకపోతే కొత్త పేజీకి చోటు దొరక్క, నీ బిల్లే ఆగి పాత పేజీని రాయాల్సొస్తుంది. అయితే వాడు రాసి ఇచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్ చేతికే. అది నిజంగా డిస్కులోకి దిగిందని రూఢి చేసుకునేవాడు రెండోవాడు, చెక్‌పాయింటర్. మామూలుగా 5 నిమిషాలకోసారి మొదలుపెట్టి, మిగిలిన డర్టీ పేజీలన్నీ నిదానంగా దించుతాడు. ఒకేసారి కుమ్మరిస్తే డిస్కు ఉక్కిరిబిక్కిరైపోతుంది మరి. 2012లో 9.2 వెర్షన్ వచ్చేదాకా ఈ రెండు పనులూ ఒక్కడి నెత్తినే ఉండేవి.

సర్వర్ కూలి మళ్లీ లేస్తే, చివరి చెక్‌పాయింట్ మొదలైన చోటు నుంచి చిట్టా చదువుకుంటూ వచ్చి, 40ని 39గా దిద్దుకుంటుంది. ఆ 5 నిమిషాలను గంట చేసేవాళ్లూ ఉన్నారు. రాతలు తగ్గుతాయి, నిజమే. కానీ కూలిన రోజున తిరగేయాల్సిన చిట్టా కూడా అంత పొడుగే అవుతుంది, కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉంటారు. నన్నడిగితే, అంత పిసినారితనం వద్దు.