రక్త క్యాన్సర్‌కు కొత్త మందు... ట్రయల్‌లో చేరొచ్చా?

క్లినికల్ ట్రయల్ అనే మాట చెవిన పడితే చాలు, మనవాళ్లు బెదిరిపోతారు. బెదరడంలో తప్పు లేదు. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ల కూలి మహిళలకు డబ్బాశ చూపి హైదరాబాద్ తీసుకుపోయి మందులు పరీక్షించిన సంగతి, 2017లో పాత కరీంనగర్ జిల్లా కుర్రాళ్ల సంగతి పేపర్లలో చదివిన వాళ్లమే మనమంతా. కానీ అవి రోగం లేని మనిషికి పైసలిచ్చి మందు మింగించే పరీక్షలు. రక్త క్యాన్సర్ రోగికి పెద్దాస్పత్రి డాక్టరు చెప్పే ట్రయల్ వేరు. అక్కడ మందు ఇచ్చేది ఆ జబ్బుకే. ఈ రెంటినీ ఒక గాటన కట్టేస్తే నష్టపోయేది రోగి.

గల్ఫ్‌లో ఈ జబ్బు ఎలా బయటపడుతుందో చూడండి. కొన్నాళ్లుగా నీరసం, రాత్రిళ్లు చెమటలు, ఎడమ డొక్క కింద బరువు. ఎండకు అనుకుని సరిపెట్టుకుంటాం. చివరికి రక్త పరీక్షలో తెల్లకణాలు లక్ష దాటి కనిపిస్తాయి. దవాఖానాలో లుకేమియా అంటారు. ఆ రాత్రి నుంచే క్యాంపు గదిలో సలహాలు మొదలు. ఒకరు పసరు మందంటారు. ఇంకొకరు 'కొత్త మందు ట్రయల్ ఉందట, తెలిసిన ఏజెంటున్నాడు' అంటారు. వీసా ఏజెంట్ల చేతుల్లో కాలిన వాళ్లం, మళ్లీ ఏజెంటేనా!

ఈ మందుల పరీక్షల్లో ఏం జరుగుతుందో తెలియాలంటే ఇమాటినిబ్ కథ తెలుసుకోవాలి. సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్‌కు ఈ మాత్రను 1998 జూన్‌లో అమెరికాలో మొదటిసారి రోగులకిచ్చారు. ఒరెగాన్‌లో డాక్టర్ బ్రయాన్ డ్రూకర్ ముందుండి నడిపారు. రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలుకొచ్చింది. ఈ కబురు రోగులకు చేరింది గానీ అందరికీ సరిపడా మందు లేదు. 1999లో కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన ఒక రోగి ఊరుకోలేదు. మూడు వేలకు పైగా సంతకాలు సేకరించి, మందు ఎక్కువగా తయారు చేయమని కంపెనీకే పంపింది. తర్వాత తనూ ట్రయల్‌లో చేరింది.

2000లో మొదలైన పెద్ద ట్రయల్‌లో 16 దేశాల నుంచి 1,106 మంది చేరారు. సగం మందికి ఇమాటినిబ్, సగం మందికి అప్పటిదాకా వాడుతున్న ఇంజెక్షన్లు. ఎవరికి ఏది అన్నది చీటీ తీసినట్టే, డాక్టరు చేతిలో ఉండదు. పాత మందు పడనివాళ్లను కొత్తదానికి మార్చారు. 'మనకు ఉత్త చక్కెర బిళ్ల ఇచ్చి చూస్తూ కూచుంటారు' అని మనవాళ్లకో భయం ఉంది. మంచి మందు ఉన్న క్యాన్సర్‌లో అలా చేయరు. ఆ మందుతోనే కొత్తదాన్ని పోల్చి చూస్తారు.

ఇప్పుడు సీఎంఎల్ అని తేలగానే ట్రయల్ కోసం పరుగెత్తక్కర్లేదు. 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు ఈ మందు పేటెంటును తోసిపుచ్చింది. మన కంపెనీలు చేసే ఇమాటినిబ్ తక్కువ ధరకే దొరుకుతోంది. ఆ మందు పనిచేయనప్పుడు, లేదా జబ్బు తిరగబెట్టినప్పుడు ట్రయల్ మాట ఎత్తాలి. అక్యూట్ లుకేమియా అయితే మరీ జాగ్రత్త. అక్కడ రోజులు కూడా విలువైనవే, ట్రయల్ వెతుకుతూ వారాలు పోగొట్టొద్దు. ఆస్పత్రిలో చేరుతూనే 'నాకు సరిపడే ట్రయల్ ఉందా సార్' అని ఒక్కమాట అడగండి. చికిత్స మొదలెట్టని వాళ్లనే తీసుకునే ట్రయల్స్ చాలా ఉంటాయి. మొదలెట్టాక అడిగితే ఆ తలుపు మూసుకుంటుంది.

ఎక్కడ వెతకాలి?

మన దేశంలో జరిగే ట్రయల్స్‌కు ఐసీఎంఆర్ నడిపే రిజిస్ట్రీ ఉంది, సీటీఆర్ఐ అంటారు. 2009 జూన్ 15 నుంచి ప్రతి ట్రయల్ అందులో నమోదు కావాల్సిందే. ఫోన్‌లోనే చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. జబ్బు పేరు కొడితే ఏయే ఆస్పత్రుల్లో జరుగుతోంది, ఎలాంటి రోగిని తీసుకుంటారు, ఇంకా చేర్చుకుంటున్నారా, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుందా అన్నీ ఉంటాయి. సౌదీ, యూఏఈ, ఖతార్‌లలో జరిగేవి చూడాలంటే అమెరికా వాళ్లు 2000లో తెరిచిన క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో దేశం పేరు పెట్టి చూడాలి. ఇంగ్లీషు రాకపోతే గదిలో చదువుకున్న తమ్ముడెవరైనా పక్కన కూచుంటే పావుగంట పని. ఎవరైనా ట్రయల్ పేరు చెబితే ముందు రిజిస్ట్రీ నంబరు అడగండి. నంబరు చెప్పలేనివాడికి దండం పెట్టి వచ్చేయండి. పరీక్షలో ఉన్న మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు. 'సీటు ఇప్పిస్తా, ఇంత ఖర్చవుతుంది' అన్నాడంటే అది మోసమే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కుంది. ట్రయల్ అంటే ఒక్కరోజు పని కాదు. నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి అదే ఆస్పత్రికి పోవాలి. మన అకామా కఫీల్ చేతిలో, ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో. మధ్యలో ఎగ్జిట్ కొడితే మందు అక్కడ, మనం ఇక్కడ! అందుకే సంతకానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: వచ్చే రెండేళ్లు నేను ఎక్కడుంటాను? ఉద్యోగం గట్టిగా లేకపోతే ఇంటికొచ్చి చికిత్స చేయించుకోవడమే మేలని మా అభిప్రాయం. హైదరాబాద్‌లో నిమ్స్, ఎంఎన్‌జే, బసవతారకం ఉన్నాయి. వెల్లూరు సీఎంసీ, ముంబై టాటా మెమోరియల్ మనవాళ్లకు కొత్త కాదు. రోగి కణాలనే మార్చి తిరిగి ఎక్కించే కార్-టీ చికిత్సను 2021లో టాటా వాళ్లే మన దేశపు రోగులపై పరీక్షించారు, 2023 అక్టోబర్‌లో దానికి అనుమతి వచ్చింది. తిరుగు టికెట్టుకు కూడా ఇబ్బందైతే ఎంబసీలో సంక్షేమ నిధి ఉంది, అడగండి.

వచ్చేటప్పుడు రిపోర్టు నకళ్లు ఒక్కటే తెస్తే చాలదు. బోన్ మ్యారో స్లైడ్లు, జన్యు పరీక్ష కాగితాలు, ఇప్పటిదాకా ఎక్కించిన మందుల పేర్లు, మోతాదులు, తేదీలు ఇంగ్లీషులో రాయించుకు రావాలి. అవి లేక ఇక్కడ పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. పసరు మందు వాడి ఉంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇక సంతకం. 2019 నిబంధనల ప్రకారం మన దేశంలో ట్రయల్ వల్ల ఆరోగ్యం దెబ్బతింటే చికిత్స ఉచితం, పరిహారమూ ఉంటుంది. ఎప్పుడైనా మానేయొచ్చు, మానేశామని మామూలు చికిత్స ఆపకూడదు. ఒప్పంద పత్రం మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి, చదువు రాని వాళ్లకు సాక్షి ఎదుట వివరించాలి. గల్ఫ్ ఆస్పత్రిలో అరబిక్ కాగితం పెడితే ఆగి, తెలుగో హిందీయో వచ్చినవాళ్లతో చెప్పించుకోండి. ఒక ప్రతి ఫోటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి, దానిమీద డాక్టరు నంబరు కనబడేలా.